రిబ్బన్ బాబాయి డ్రైవింగ్ నేర్చుకున్న వైనం

రిబ్బన్ బాబాయికి కారు నడపడం రాదన్న సంగతి ఆ షోరూములో ఎవరికీ తెలియదు. అతను దాచాడని కాదు. ఎవరూ అడగలేదు, అంతే. ఏళ్ల తరబడి కార్లమ్ముతున్న మనిషిని పట్టుకుని "ఏమయ్యా, నీకు కారు నడపడం వచ్చా?" అని అడిగేదెవరు? చేపని ఆపి ఈత వచ్చా అని అడుగుతామా?

అసలతను ఆ షోరూములో చేరింది కార్లు తుడవడానికి. మెత్తటి గుడ్డ భుజాన వేసుకుని పొద్దున్నే వచ్చి, అద్దాల గదిలో నిలబెట్టిన కార్ల మీద వేలిముద్రలన్నీ తుడిచేవాడు. ఒకరోజు మధ్యాహ్నం, అమ్మేవాళ్లంతా భోజనాలకి వెళ్లిన సమయంలో, ఒక ముసలాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఎవరూ లేరు కదా అని బాబాయే కుర్చీలు వేశాడు, మంచినీళ్లిచ్చాడు, ఆమెకి కారు తలుపు తీసి "ముందు కూర్చోండమ్మా, కాళ్లు తర్వాత లోపల పెట్టుకోండి, నడుం పట్టదు" అన్నాడు. భోజనాలు ముగించుకుని మిగతావాళ్లు వచ్చేసరికి ఆ దంపతులు కారు ఖాయం చేసేసుకున్నారు. మర్నాటి నుంచి అతని చేతిలో గుడ్డ పోయి, మెడలో టై వచ్చింది.

ఆ పేరెందుకు వచ్చిందంటే, కొత్త కారు ఇంటికి వెళ్లే రోజున దాని ముందుభాగం మీద ఎర్ర రిబ్బను కట్టడం ఆ షోరూములో అలవాటు. ఆ ముడి బాబాయే వేయాలి. ఇంకెవరైనా వేస్తే విప్పి మళ్లీ వేసేవాడు. "చంటిపిల్లకి జడ వేసినట్టుండాలిరా, బస్తా మూతి బిగించినట్టు కాదు" అనేవాడు. అలా చిన్నా పెద్దా అందరికీ రిబ్బన్ బాబాయి అయిపోయాడు.

మరి నడపకుండా ఎలా నెట్టుకొచ్చాడంటే, కొనేవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పి చూపించడానికి షోరూములో వేరే మనిషి ఉండేవాడు. పొడుగ్గా, ముక్తసరిగా మాట్లాడే ఆయన్ని అందరూ డ్రైవరన్న అనేవారు. ఎవరైనా "బండి ఎలా లాగుతుందండీ? క్లచ్ గట్టిగా ఉంటుందా?" అని అడిగితే బాబాయి రెండు చేతులూ జోడించి, "నేను చెబితే అమ్ముకోవడానికి చెప్పాననుకుంటారు. మీరే నడిపి చూసుకోండి" అనేవాడు. ఎంత నిజాయితీపరుడో అని వాళ్లు మురిసిపోయేవారు. అందులో అబద్ధమూ లేదు, పూర్తి నిజమూ లేదు.

ఇంకో సంగతి. అతని భార్య బడి వ్యాను నడుపుతుంది. పిల్లలంతా ఆమెని వ్యానత్త అంటారు. పెళ్లయిన కొత్తలో బాబాయికి పెద్ద జబ్బు చేసి మంచానికి అతుక్కుపోతే, ఇల్లు గడవడానికి ఆమె డ్రైవింగ్ నేర్చుకుని స్టీరింగు పట్టుకుంది. అతను లేచి తిరిగాక కూడా ఆమె వదల్లేదు, అతనూ వదలమనలేదు. వాళ్లకి పిల్లలు లేరు. మేడ మీద రెండు గదుల వాటా, కింద వీధిలో పసుపుపచ్చ వ్యాను. ఎక్కడికైనా వెళ్లాలంటే ఆమె నడుపుతుంది, అతను పక్కన కూర్చుని కబుర్లు చెబుతాడు. ఆ ఇంట్లో అది పెద్ద విషయమే కాదు.

అలా హాయిగా సాగిపోతున్న జీవితంలోకి ఎదురుగా ఇంకో షోరూము వచ్చి పడింది.

రోడ్డుకి అవతల, సరిగ్గా వీళ్ల గాజు తలుపులకి ఎదురుగా, రెండంతస్తుల భవనం లేచింది. మొదటి రోజే బెలూన్లు, బ్యాండు మేళం. కారు కొంటే మిక్సీ ఉచితమన్నారు. వీళ్లూ మిక్సీ అన్నారు. వాళ్లు వాషింగ్ మెషీన్ అన్నారు. వీళ్లు కిందా మీదా పడి వాషింగ్ మెషీన్ అనేలోపు వాళ్లు గోడంత టీవీ బొమ్మ వేసి వేలాడదీశారు. నెల తిరిగేసరికి బాబాయి వాళ్లు అద్దాల గదిలో ఈగలు తోలుకుంటూ, రోడ్డవతల టీవీలు మోసుకెళ్లేవాళ్లని చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది.

అప్పటికి మేనేజరుగా కొత్తగా వచ్చినామె వయసులో బాబాయికి కూతురంటూ ఉంటే అంత ఉంటుంది. చురుకైన మనిషి, మాట మెత్తన. ఒకరోజు పొద్దున్నే అందర్నీ కూర్చోబెట్టింది.

"ఇలా పోటీ పడుతూ పోతే ఆఖరికి మనం ఫ్రిజ్ కొన్నవాళ్లకి కారు ఉచితం అనాల్సొస్తుంది" అంది. అందరూ నవ్వారు. "నవ్వులాటకి కాదు. టీవీ కోసం వచ్చేవాళ్లు టీవీ ఎక్కడ పెద్దదైతే అక్కడికే పోతారు. కారు కోసం వచ్చేవాళ్లకి మనం ఏమివ్వగలం? అది చెప్పండి."

ఒకరు సీటు కవర్లన్నారు. ఒకరు ఏడాదిపాటు ఉచితంగా కడిగిపెడదామన్నారు. అవన్నీ ఆమె రాసుకుంది కానీ మొహంలో వెలుగు రాలేదు. చివర్లో బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఇన్నేళ్లుగా నేను చూస్తున్నదొకటుంది. ఇక్కడ కూర్చున్నంతసేపూ కారు అందరికీ నచ్చుతుంది. ఇంటికెళ్లాక మొదలవుతాయి అసలు అనుమానాలు. మా సందులో తిరుగుతుందా? అమ్మ మోకాళ్లతో ఎక్కగలదా? చంటిపిల్ల తోపుడుబండి వెనకాల పడుతుందా? వాటికి మనం ఇక్కడి నుంచి ఎంత చెప్పినా గాల్లో మాటలే. అదేదో కారునే ఒక రోజు వాళ్లింటి దగ్గర పెట్టేస్తే? ఎక్కుతారు, దిగుతారు, సామాన్లు పెట్టుకుంటారు. నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే వెనక్కి తెచ్చేసుకుంటాం."

మేనేజరమ్మ పెన్ను కింద పెట్టేసింది. "ఒక రోజు మీ ఇంట్లో," అంది నెమ్మదిగా, బోర్డు మీద అక్షరాలు చదువుతున్నట్టు. "బాబాయ్, ఇదే. ఇదే మనం చేస్తున్నాం. బీమా, అనుమతులు అవన్నీ నేను చూసుకుంటాను, రెండు నెలలు పడుతుందేమో. డ్రైవరన్న బయటికెళ్తే ఇక్కడ పని ఆగిపోతుంది కాబట్టి..." ఒక్క క్షణం ఆలోచించి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "మీరే తీసుకెళ్లండి! ఇళ్లకి వెళ్లి ఇంటివాళ్లతో మాట్లాడటం మీకంటే బాగా ఎవరికొచ్చు? పొద్దున మీరే నడుపుకుంటూ వెళ్లి దింపండి, సాయంత్రం వెళ్లి తెచ్చేయండి."

అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయి కూడా కొట్టాడు. గొంతులో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది కానీ చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి.

ఆ సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి వ్యానత్త సీట్ల కింద దూరి, పిల్లలు మర్చిపోయిన రంగు పెన్సిళ్లూ నీళ్ల సీసాలూ ఏరుతోంది. వ్యాను మెట్టు మీద కూలబడి జరిగిందంతా చెప్పాడు. ఆమె సీట్ల కింద నుంచే విన్నది. తర్వాత సీటు ఊగడం మొదలుపెట్టింది.

"నవ్వుతున్నావా?"

"లేదండీ."

"ఏడుస్తున్నావా మరి?"

ఆమె బయటికి వచ్చింది. కళ్ల నిండా నీళ్లు, నవ్వి నవ్వి వచ్చినవి. "ఎవరి గొయ్యి వాళ్లు తవ్వుకోవడం విన్నాను గానీ, తవ్వి, దిగి, పైనుంచి మట్టి కూడా పోయించుకున్న మనిషిని ఇదే చూడటం."

"నాకు రాదని చెప్పేస్తాను రేపు."

"చెప్పేస్తే చెప్పేయండి. లేదా నేర్చుకోండి. నేనున్నాగా" అంది చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

"నాకు భయం."

ఆ మాట అతను ఇంతకుముందెప్పుడూ అనలేదు. ఇష్టం లేదనో, తీరిక లేదనో, 'నువ్వుండగా నాకెందుకు' అనో అనేవాడు. ఆమె నవ్వాపి మెట్టు మీద అతని పక్కనే కూర్చుంది.

"దేనికి భయం?"

"ఆ సీట్లో కూర్చుంటే రోడ్డు మీద నడిచేవాళ్లందరూ నా ముందుకే వచ్చి పడతారనిపిస్తుంది. చేతులు చల్లబడిపోతాయి. నీకెప్పుడూ అనిపించలేదా?"

"అనిపిస్తుంది. రోజూ అనిపిస్తుంది" అందామె. "అందుకే కదా నెమ్మదిగా వెళ్తాను."

ఆ ఆదివారం బడి మైదానంలో మొదటి పాఠం. ఆమె పిల్లలతో ఎంత ఓర్పుగా ఉంటుందో, మొగుడికి నేర్పేటప్పుడు అంత నిప్పులు కక్కింది. "క్లచ్! క్లచ్చండీ! అది బ్రేకు! కాలు చూసుకోకండి, ముందు చూడండి! ముందంటే గోడ కాదు!" వ్యాను మేకపిల్లలా గంతులేసి, ఆఖరికి మైదానం చివర ఇసుకలో దిగబడి ఆగిపోయింది. బాబాయి తాళం తీసి ఆమె చేతిలో పెట్టి, దిగి, ఇంటి దారి పట్టాడు.

ఆమె వ్యాను ఇసుకలోంచి లాగి, రోడ్డు మీదికి తెచ్చి, నడుస్తున్న అతని పక్కనే నత్తలా పోనిచ్చింది.

"ఎక్కండి."

"ఎక్కను."

"ఎండగా ఉంది."

"ఉండనీ."

"వెనకాల బస్సు హారన్ కొడుతోందండీ. నన్ను తిడుతున్నాడు."

"నన్ను నువ్వు తిట్టలేదూ?"

ఆ మాటకి ఆమెకి ఎక్కడో చురుక్కుమంది. బస్సుని ముందుకి పోనిచ్చి, వ్యాను పక్కకి ఆపి, దిగి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "తప్పయిపోయింది. మొదటి రోజు బడికొచ్చే పిల్లల్ని ఒక్క మాట అనను నేను. మిమ్మల్నెందుకన్నానో నాకే తెలీదు. రేపు పొద్దున నాతో రండి. నడపొద్దు. ఊరికే రండి."

మర్నాడు షోరూముకి వెళ్లేముందు అతను మొదటిసారి ఆమెతోపాటు పిల్లల్ని ఎక్కించుకునే తిరుగుడికి వెళ్లాడు. ఇన్నేళ్ల కాపురంలో అతను లేచి గడ్డం గీసుకునే వేళకే ఆమె వెళ్లిపోయేది. ఆమె పని చెయ్యడం అతనెప్పుడూ చూడలేదు. సందు మొదట్లో కుక్క ఎక్కడ పడుకుంటుందో ఆమెకి తెలుసు. ఏ గేటు దగ్గర తల్లి చేతిలో దువ్వెన పట్టుకుని ఇంకా జడ వేస్తూ ఉంటుందో తెలుసు, అక్కడ హారన్ కొట్టకుండా ఆగుతుంది. ఒక చిన్నపిల్ల ఏడుస్తూ ఎక్కింది, బడికి రానంటూ. వ్యానత్త ఆ పిల్లని బుజ్జగించలేదు. "నా పక్కన కూర్చో తల్లీ, నాకు దారి చెప్పు. నేను మర్చిపోతుంటాను" అంది. పిల్ల ముక్కు ఎగబీలుస్తూనే, "ఇక్కడ ఎడమ" అంది. కాసేపటికి "అత్తా, స్పీడు బ్రేకరు!" అని అరిచింది. బడి వచ్చేసరికి ఏడుపు సంగతే మర్చిపోయింది.

బాబాయి నోరు వెళ్లబెట్టి చూస్తూ ఉండిపోయాడు. ఆ పిల్ల దిగిన సీట్లోకి, తిరుగు దారిలో, ఆమె అతన్ని రమ్మంది.

"ఇప్పుడు మీరు చెప్పండి. నేనెప్పుడు బ్రేకు వేస్తానో, వెయ్యకముందే చెప్పాలి."

మొదట్లో అన్నీ ఆలస్యమే. అతను "ఇప్పుడు" అనేసరికి ఆమె కాలు అప్పటికే పెడల్ మీద ఉండేది. వారం గడిచేసరికి ఇద్దరూ ఒకేసారి. తర్వాత్తర్వాత అతనే ముందు చెప్పేవాడు, మలుపులో పాలవాడి సైకిలు కనిపించకముందే, దాని గంట విని. "చూశారా, రోడ్డు మీద మనుషులు మీ ముందుకొచ్చి పడరు. వస్తున్నామని ముందే చెబుతారు. వినాలంతే" అందామె. ఆ మాట అతనికి బాగా తెలిసిన విద్యే. షోరూములో తలుపు తోసుకుని వచ్చేవాళ్ల నడక చూసి, ఎవరు కొంటారో ఎవరు ఎండకి నీడ కోసం వచ్చారో చెప్పగలిగే మనిషి మరి.

ఆ తర్వాత మైదానంలో వ్యాను గంతులెయ్యలేదు. లైసెన్సు పరీక్షకి మాత్రం వ్యానత్త బడి ఎదుట పుస్తకాల షాపాయన్ని అడిగి ఆయన చిన్న పాత కారు తెచ్చింది. మొదటిసారి బాబాయి రివర్సులో ఒక డబ్బాని పడగొట్టి తప్పాడు. రెండోసారి గట్టెక్కాడు. కార్డు చేతికొచ్చిన రోజున వ్యానులో పిల్లలందరికీ చాక్లెట్లు పంచితే, ఏడుస్తూ వచ్చిన ఆ పిల్ల అనుమానంగా చూసి, "బాబాయ్, నీకిన్నాళ్లూ రాదా?" అని అడిగింది. "రాదమ్మా" అన్నాడతను. అలా చెప్పడం అంత తేలికని అతనికి అప్పుడే తెలిసింది. కానీ షోరూములో మాత్రం ఇంకా చెప్పలేదు.

అనుమతులన్నీ వచ్చాయి. గాజు తలుపు మీద 'ఒక రోజు మీ ఇంట్లో' అని పెద్ద అక్షరాలు అతికించారు. మొట్టమొదట పేరిచ్చింది గడియారాలు బాగుచేసే ఆయన. నలభై దాటిన బ్రహ్మచారి, తల్లితో ఉంటాడు. అప్పటికి చాలాసార్లు వచ్చాడు, అదే తెల్ల కారు చుట్టూ తిరిగాడు, "ఆలోచించుకుని వస్తానండీ" అని వెళ్లిపోయాడు. టీవీకి ఆశపడి ఎదుటి షోరూముకి పోతాడని అందరూ అనుకున్నారు. అక్కడికీ వెళ్లాడు, అక్కడా ఆలోచించుకుంటానన్నాడట.

బాబాయి ఆ తెల్ల కారులో బయల్దేరాడు. షోరూము మెట్ల మీద నిలబడి మేనేజరమ్మ చెయ్యి ఊపింది. అతను ఊపలేదు. రెండు చేతులూ స్టీరింగుకి అతుక్కుపోయి ఉన్నాయి. దారంతా పెళ్లికూతురు నడిచినట్టు నడిపాడు. సైకిళ్లు కూడా దాటిపోయాయి. ఎలాగో ఆ వీధికి చేరాడు. గడియారాలాయన ఇల్లు సన్నటి సందులో, చివర్న. లోపలికైతే వెళ్లింది కారు. తిప్పి నిలబెట్టాల్సి వచ్చింది. ముందుకి కొంచెం, వెనక్కి కొంచెం. మళ్లీ ముందుకి. ఒకపక్క పూలకుండీలు, ఇంకోపక్క ఎవరిదో ప్రహరీ. కారు సందుకి అడ్డంగా బిరడాలా బిగుసుకుపోయింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. గుమ్మంలో గడియారాలాయన, ఆయన తల్లి నిలబడి చూస్తున్నారు. ఎదురింటి కిటికీల్లోంచి తలకాయలు బయటికొచ్చాయి.

బాబాయి ఇంజను ఆపాడు. అద్దం దించాడు.

"క్షమించాలమ్మా. నాకు కొత్త" అన్నాడు.

"కారా?" అంది పెద్దావిడ.

"నడపడం. ఈ మధ్యే నేర్చుకున్నాను. రివర్సంటే ఇంకా చెమటలు పడతాయి."

పెద్దావిడ గుమ్మానికి చేరగిలబడి పకపకా నవ్వింది. "విన్నావురా? కార్లమ్మే ఆయనకే భయమట! మావాడూ అంతే నాయనా. దుకాణాల చుట్టూ తిరగడమే గానీ కొనడు. ధర ఎక్కువంటాడు, రంగు బాగాలేదంటాడు. అసలు సంగతి, నడపాలంటే వణుకు. నాకు తెలీదనుకుంటాడు."

గడియారాలాయన మొహం ఎర్రబడింది. "అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు..."

"నన్ను ఎక్కించుకుని ఊళ్లు తిప్పుతానని ఎన్నేళ్ల నుంచి చెబుతున్నావు నాకు? ఎందుకంటావేంటి?"

బాబాయి పక్క తలుపు తీశాడు. "వచ్చి కూర్చోండి సార్. ముందు ఈ బండిని ఇద్దరం కలిసి ఇరుకులోంచి బయటపడేద్దాం. మీరు కుండీలు చూసి చెప్పండి, నేను గోడ చూసుకుంటాను."

ఆయన బిడియపడుతూ వచ్చి కూర్చున్నాడు. సన్నటి పళ్లచక్రాలు చూసే కళ్లాయనవి. "ఇంకాస్త... ఇంకాస్త... ఆపండి. ఇప్పుడు పూర్తిగా తిప్పేయండి" అంటూ వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పాడు. కారు బుద్ధిగా తిరిగి గుమ్మం ముందు నిలబడింది. ఎదురింటి కిటికీలోంచి ఎవరో ఈలవేశారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, పరీక్ష గట్టెక్కిన బడిపిల్లల్లా నవ్వుకున్నారు.

ఆ రోజు బాబాయి దింపి వెళ్లిపోలేదు. పెద్దావిడని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ముగ్గురూ ఊరి చివరిదాకా వెళ్లారు. "నేనెప్పుడు బ్రేకు వేస్తానో, వెయ్యకముందే మీరు చెప్పాలి" అని పక్కసీట్లో ఆయనకి పని అప్పజెప్పాడు. దారిలో తన సంగతంతా చెప్పాడు, ఇసుకలో దిగబడటం, అలిగి ఇంటికి నడిచిపోవడం, డబ్బాని పడగొట్టడం. ఆయన కడుపుబ్బ నవ్వాడు. ఆ తర్వాత నెమ్మదిగా అడిగాడు, "మీ ఆవిడ నాకు నేర్పుతారా?"

సాయంత్రం కారు తిరిగొచ్చింది. మేనేజరమ్మ ఎదురొచ్చింది. "ఏమన్నారు బాబాయ్? కొంటారా?"

"కొంటారమ్మా. కానీ ఒక షరతు పెట్టారు. ఇంకో సంగతుంది, అది నేను చెప్పాలి." అద్దాల గదిలో అందరి ముందే మొత్తం చెప్పేశాడు. తుడిచే రోజుల దగ్గర్నుంచి, ఇరుకు సందు దాకా. చెబుతున్నంతసేపూ నేల చూస్తూనే ఉన్నాడు.

మేనేజరమ్మ చేత్తో కార్ల వరస చూపించింది. "ఇన్నేళ్లూ నడపడం రాకుండా ఇన్ని కార్లమ్మారా మీరు?"

ఎప్పుడూ నోరు విప్పని డ్రైవరన్న గోడకి ఆనుకుని నిలబడి, "నాకెప్పుడో అనుమానం వచ్చింది. కారు జరపమంటే ప్రతిసారీ కళ్లజోడు మర్చిపోయానంటాడు. అతనికి కళ్లజోడే లేదు" అన్నాడు. షోరూమంతా గొల్లుమంది. బాబాయి కూడా తలెత్తి నవ్వాడు. చాలాకాలంగా మోస్తున్న మూటేదో దింపుకున్నట్టు తేలిగ్గా అనిపించింది.

నవ్వులయ్యాక మేనేజరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ షరతేంటో మళ్లీ చెప్పండి."

"మా ఆవిడ డ్రైవింగ్ నేర్పాలట."

"మరి ఆయనలాంటివాళ్లు ఇంకా ఎంతమంది 'ఆలోచించుకుంటాం' అని చెప్పి వెళ్లిపోయుంటారు?" అంది ఆమె. అందరికీ ఎవరో ఒకరు గుర్తొస్తూనే ఉన్నారు. టీవీ ఇస్తామన్నా, తగ్గింపు ఇస్తామన్నా నీళ్లు నమిలి వెళ్లిపోయినవాళ్లు.

తర్వాతి వారం ఆమె స్వయంగా మేడ మెట్లెక్కి వ్యానత్తని అడగడానికి వచ్చింది. వ్యానత్త చేతులు తుడుచుకుంటూ తాపీగా విన్నది. "నా బడి పిల్లల వేళలు మాత్రం నేను మార్చుకోను. సెలవు రోజుల్లో, మధ్యాహ్నాలు చెబుతాను. ఇంకోటి, వచ్చేవాళ్ల మొగుళ్లు, పెళ్లాలు ఎవరూ పక్కనుండి అరవకూడదు. అది నేను అనుభవం మీద చెబుతున్నా" అంది బాబాయివైపు చూడకుండా. అలా గాజు తలుపు మీద ఇంకో మాట చేరింది: 'కారు మాది కొనండి, నడపడం మేం నేర్పుతాం.'

జనం ఒక్కసారిగా ఎగబడ్డారని చెప్పను. ఎగబడలేదు. టీవీలు కావలసినవాళ్లు రోడ్డవతలికి పోతూనే ఉన్నారు. కానీ ఎప్పుడూ రానివాళ్లు రావడం మొదలుపెట్టారు. భర్త పోయాక కారు గుడ్డ కప్పి పెట్టి, ఆఖరికి అమ్మేసి చిన్నది తీసుకుందామనుకున్న ఒక నర్సు. అరవై దాటాక మొదటిసారి సరదా పుట్టిన ఒక దర్జీ. కూతురికి కొనిపెట్టడానికి వచ్చి, చివరికి తనూ నేర్చుకున్న ఒకామె. నెల నెలా ఎర్ర రిబ్బన్ల చుట్ట తరిగిపోతుంటే బాబాయి కొత్తది తెప్పించాడు. కొన్నాళ్లకి ఎదుటి షోరూము వాళ్లూ నేర్పుతామని బోర్డు పెట్టారు. "పెట్టుకోనివ్వండి. ఊళ్లో నలుగురు భయం పోగొట్టుకుంటే మంచిదేగా" అంది వ్యానత్త.

గడియారాలాయన కారు తీసుకెళ్లే రోజున బాబాయి ముడి వేస్తుంటే పెద్దావిడ దగ్గరుండి చూసింది. తర్వాత ముందు సీట్లో కూర్చుని, "పోనీ" అంది కొడుకుతో, రాణిలాగా. ఆయన పోనిచ్చాడు. ఒక్కసారి కూడా ఆగకుండా గేటు దాటి మలుపు తిరిగాడు. వ్యానత్త మెట్ల మీద నిలబడి కారు కనుమరుగయ్యేదాకా చూసి, గట్టిగా ఊపిరి వదిలింది.

ఒక శనివారం సాయంత్రం మేనేజరమ్మ ఇళ్లకి పంపే తెల్ల కారు తాళం తెచ్చి బాబాయి చేతిలో పెట్టింది. "రేపటికి ఎవరూ అడగలేదు. ఒక రోజు మీ ఇంట్లో కూడా ఉండనివ్వండి."

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ బయల్దేరారు. వ్యానత్త అలవాటు చొప్పున స్టీరింగు వైపు వెళ్లబోయి, నాలిక కరుచుకుని, చుట్టూ తిరిగి వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు ఆమె నోరు ఊరుకోలేదు. "ముందు లారీ."

"చూశాను."

"ఆ పిల్లాడు రోడ్డు దాటతాడేమో."

"దాటడు. అమ్మ కోసం ఆగాడు."

ఊరు దాటారు. రోడ్డుకి రెండు పక్కలా పొద్దుతిరుగుడు చేలు, వాటి మీద మెత్తటి ఎండ. బాబాయి షోరూము కబుర్లేవో చెబుతున్నాడు. కొంతసేపటికి పక్కనుంచి ఊఁ కొట్టడం ఆగిపోయింది. ఓరగా చూశాడు. ఆమె తల తలుపు వైపు వాలిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. ఒళ్లో చేతులు వదులుగా, అరచేతులు పైకి. ఇంతసేపూ లేని బ్రేకుని తొక్కుతూ బిగుసుకున్న కుడికాలు మెల్లగా ముందుకి జారిపోయింది.

అతను మాట్లాడటం మానేశాడు. ఎండ ఆమె కళ్ల మీద పడుతుంటే అద్దం మీది తెర దించాడు, రోడ్డు మీంచి చూపు తీయకుండానే. గతుకులున్నచోట పక్కకి తప్పించాడు. ఆ మనిషి తన పక్కన, తన చేతిలో ఉన్న బండిలో, ఇంత ఆదమరిచి నిద్రపోవడం చూసి అతను వేగం ఇంకాస్త తగ్గించాడు. అసలు లైసెన్సంటే ఇదీ, ఆ కార్డు ముక్క కాదు అనుకున్నాడు.

ఎండ చల్లబడ్డాక వెనక్కి తిప్పాడు. ఊళ్లోకి వచ్చాక సిగ్నల్ దగ్గర ఎంత మెత్తగా ఆపినా ఆమె కాస్త కదిలింది. కళ్లు తెరవకుండానే అడిగింది.

"ఇల్లు వచ్చేసిందా?"

"ఇంకా లేదు. పడుకో" అన్నాడు బాబాయి, వాళ్ల వీధి మలుపు దాటించి ముందుకి పోనిస్తూ.